వైనీ రడ్ పాడిన ఒకే రికార్డు

షికాగో
1962 మార్చి 4, ఆదివారం

అర్జెల్లా అక్కకి,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం మనకి అలవాటు. ఈసారి అలా మొదలుపెడితే రెండో వాక్యానికే దొరికిపోతాను. అందుకని ముందే చెప్పేస్తున్నాను. నా చెవులు పోతున్నాయి.

ఎడమది నిరుడే పోయింది. కుడి చెవికి చలికాలం దాకా గడువిచ్చాడు డాక్టరు. "సమ్మెట మిషను పక్కన పన్నెండేళ్ళు నిలబడ్డావు, ఇన్నాళ్ళు వినపడటమే గొప్ప" అన్నాడు, అదేదో నేను సాధించిన ఘనకార్యం అన్నట్టు. బెర్నీస్‌కి ఇంకా చెప్పలేదు. పిలిస్తే పలకనప్పుడల్లా "ఆ పాత రికార్డుల్లో తలపెట్టి కూచునే మనిషికి పెళ్ళాం ఎందుకు వినిపిస్తుందిలే" అంటోంది. అననిస్తున్నాను.

నా రికార్డుల సంగతి నీకు తెలుసు, నీకు గిట్టదనీ నాకు తెలుసు. ఇప్పటికి నాలుగు వందలు దాటాయి. కమలాపండ్ల పెట్టెల్లో నిలబెట్టి గోడ పొడుగునా పెట్టాను. ప్రతి ఆదివారం మాక్స్‌వెల్ వీధి సంతలో పాత బూట్లు, పాత పొయ్యిలు అమ్మేవాళ్ళ దగ్గర అడుగున పడి ఉన్నవి ఏరుకొస్తాను. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి గీతలు చూసుకుంటాను. అన్నీ మన నల్లవాళ్ళు కష్టం చెప్పుకుని పాడుకునే బ్లూస్ పాటలే. సగం మంది పేర్లు ఆ రికార్డు లేబుల్ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వాళ్ళందరిలో నేను వెతుకుతున్నది ఒక్కళ్ళనే. నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు.

పోయిన వారం ఒక ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితం దొరికింది. 1931 చివర్లో ఏదో ఫర్నిచర్ కొట్టువాళ్ళు వేసిన కరపత్రం. పైన మంచాలు, కుర్చీలు. కింద కొత్త రికార్డుల జాబితా. ఏడో వరుసలో "వైనీ రడ్, గిటారుతో. చల్లారిన పొయ్యి" అని ఉంది. అక్కా, నడి సంతలో చతికిలబడిపోయాను. గ్రామఫోన్లు బాగుచేసే సిల్వెస్టర్ పో అనే ముసలాయన నన్ను లేవదీసి మంచినీళ్ళిచ్చాడు. ఆయనకి తెలియని రికార్డు లేదు. "ఆ కంపెనీ మూతపడింది. అచ్చులన్నీ కరిగించేశారు. ఆ కరువు రోజుల్లో అచ్చేసిందే కొద్ది, కొన్నది అంతకన్నా కొద్ది. ఆ పాట విన్నవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు" అన్నాడు.

కానీ నేను చూశాను కదా. నీ ట్రంకు పెట్టెలో, తలగడ గలీబులో చుట్టి, గోధుమరంగు కాగితపు కవరు. ఆరేళ్ళప్పుడు ముట్టుకుంటే చెయ్యి వాచేలా కొట్టావు. అది అమ్మ రికార్డే కదూ?

అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిది నెలలు. నాకు ఆవిడ మొహం తెలీదు, ఒక్క ఫోటో లేదు. గొంతు ఒక్కటే మిగిలింది, అదీ మూడు నిమిషాలు. పంపించు అక్కా. రెండు అట్టల మధ్య పెట్టి, చుట్టూ దూది కుక్కి, పైన "గాజు" అని రాయి. చెవి ఉండగా ఒక్కసారి వింటాను.

నీ తమ్ముడు
క్లీటస్


పెకన్ బెండ్, మిసిసిపీ
1962 మార్చి 15

నాయనా క్లీటస్,

నీ ఉత్తరం పనిచేసే ఇంటి వంటగదిలోనే చదివి కూలబడ్డాను. దొరసాని వచ్చి "అర్జీ, బిస్కట్లు మాడుతున్నాయి" అంది. మాడనీ అన్నాను. పైకి కాదులే.

ఆ డాక్టరు మాట పట్టుకుని గాభరాపడకు. ఆలివ్ నూనె చెంచాలో వెచ్చచేసి, ఉల్లిపాయ రసం రెండు చుక్కలు కలిపి, పడుకునేముందు కుడి చెవిలో వేసుకో. కేఫ్ నడిపే లూడీ గారి అత్తకి అలాగే తగ్గింది. బెర్నీస్‌కి చెప్పు. పెళ్ళాం దగ్గర దాచేవి వేరే ఉంటాయి, చెవుడు ఎలా దాస్తావురా? ఆ ఫ్యాక్టరీలో వేరే పని అడుగు. పాపకి రెండేళ్ళు నిండాయి కదా, మాటలొచ్చాయా?

ఆ పాట సంగతి మాత్రం నన్నడక్కు. అమ్మ శనివారం రాత్రి తాగేవాళ్ళ మధ్య పాడిన పాటలు వేరు, ఆదివారం చర్చిలో పాడినవి వేరు. ఆదివారానివి నీకు జోకొట్టేటప్పుడు నేనే పాడాను. అవి చాలు నీకు.

మనూరికీ ఒక విచిత్రం వచ్చింది. కీటింగ్ అని ఒక తెల్లాయన ఒహాయో నుంచి కారేసుకొచ్చి, మన వీధిలో గడపగడపకీ తిరిగి పాత రికార్డులుంటే కొంటానన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నన్ను "అమ్మా" అన్నాడు. ఈ ఊళ్ళో తెల్లవాడు నన్ను అమ్మా అనడం నలభై రెండేళ్ళలో అదే మొదలు. ఏదో ఎత్తుగడ ఉందనుకున్నాను. పాపం, ఏమీ లేదు, నీలాంటి పిచ్చోడే. మీ బావ రోస్కో పోయాక మంచం కింద దుమ్ము కొట్టుకుంటున్నవన్నీ ఇచ్చేశాను. ఇల్లు ఊడ్చినట్టయింది.

నూనె వేసుకోవడం మర్చిపోకు.

నీ అక్క
అర్జెల్లా


షికాగో
1962 మార్చి 20

అక్కా,

అన్నీ ఇచ్చేశావా? అన్నీ అంటే ఏమిటి?

నువ్వు రాసిన పేజీ పదిసార్లు చదివాను. మొదట అడక్కు అన్నావు, తర్వాత తెల్లాయన వచ్చాడన్నావు, తర్వాత ఇల్లు ఊడ్చినట్టయిందన్నావు. అడక్కు అని ఎందుకన్నావో ఇప్పుడు అర్థమైంది. అమ్మేశావు. ఆ కీటింగ్‌లాంటి వాళ్ళని నేను ఇక్కడ రోజూ చూస్తాను. టోపీ తియ్యడం వాళ్ళ వృత్తి. రికార్డుకి పావలా చేతిలో పెట్టి, మన అమ్మల్నీ తాతల్నీ కారు వెనక పడేసుకుని పోతారు. నువ్వు ఒకసారి "అమ్మా" అనిపించుకున్నందుకు నా అమ్మని ఇచ్చేశావు.

నీకది పాపిష్టి పాట కావచ్చు. నాకు అదొక్కటే ఉంది. నేను నిన్ను ఇంతకుముందు ఏదైనా అడిగానా? పదిహేనేళ్ళకి ఇల్లు వదిలినప్పుడు కూడా ఏమీ అడగలేదే!

వాడి చిరునామా ఉంటే పంపు. లేకపోతే నేనే కనుక్కుంటాను.

క్లీటస్


పెకన్ బెండ్
1962 ఏప్రిల్ 2

షికాగో నగరవాసులు శ్రీ క్లీటస్ రడ్ గారికి,

తమరు అడిగిన చిరునామా కింద ఉంది. ఆయన అట్టముక్క మీద అచ్చేయించుకున్నదే నాకిచ్చాడు, దాన్నే కుట్టేసి పంపుతున్నాను.

అమ్మని అమ్ముకున్నానన్నావు. నా పన్నెండో ఏట నుంచి నిన్ను చంకనేసుకుని పత్తి తీశాను. నేను బడి మానేసింది నీకోసం. పెళ్ళినాడు రోస్కో "ఆ పిల్లాడు కూడా మనతోనేనా" అంటే "వాడు లేకపోతే నేనూ లేను" అన్నాను. అదంతా నీకు పావలా.

ఆ రికార్డు నా దగ్గర లేదు. కీటింగ్ దగ్గరా లేదు. వెళ్ళి వెతుక్కో.

అర్జెల్లా


షికాగో
1962 మే 6, ఆదివారం

అక్కా,

నెల రోజులుగా కలం పట్టుకోవడం, పెట్టెయ్యడం. ఏ మొహం పెట్టుకుని రాయను?

కీటింగ్‌కి రాస్తే తనే బయల్దేరి సంతకి వచ్చాడు. బావ రికార్డులు పెట్టెతో సహా తెచ్చి నా ముందు పెట్టాడు. అన్నీ చర్చి పాటలు. ఒక్కొక్కటీ తీసి చూశాను, పెట్టె అడుగు కూడా తడిమాను. అమ్మ లేదు. "వైనీ రడ్ రికార్డు కోసం నేనూ అయిదేళ్ళుగా తిరుగుతున్నానండీ, మీ ఊరు వచ్చిందే అందుకు" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వాడు. "మీ ఊరి ముసలివాళ్ళు నన్ను ఆటపట్టించారు. వైనీ రికార్డా, అది వైనీ దగ్గరే ఉంది, శ్మశానానికెళ్ళి అడుగు అన్నారు" అని చెప్పాడు.

నాకు నవ్వు రాలేదు. షికాగో వచ్చినంత మాత్రాన మన సమాధుల మీద ఏం పెడతామో మర్చిపోతానా? పోయినవాళ్ళు ఆఖరున ముట్టుకున్నవి. తాగిన కప్పు, మందుసీసా, దీపం చిమ్నీ. అన్నీ పగలగొట్టే పెడతాం. పగలగొట్టకపోతే లంకె తెగదని, పోయినవాళ్ళు ఆ ఇంట్లోంచి ఇంకొకరిని వెంటబెట్టుకుపోతారని.

అక్కా, నిజం చెప్పు. అమ్మతోపాటు దాన్ని పెట్టారా? ఎవరు పెట్టారు? మరి నీ పెట్టెలో నేను చూసింది ఏమిటి?

నిన్ను అన్న మాటలకి నా నోరు పడిపోవాలి. చెవి ఎలాగూ పోతోంది. మొన్న బెర్నీస్‌కి చెప్పాను. ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత కుడివైపు కూచుని అన్నం తినడం మొదలుపెట్టింది. మా ఇంటి పక్కనుంచి వంతెన మీద రైలు పోతుంది కదా, ఇప్పుడు కిటికీ అద్దం వణికితేనే నాకు రైలని తెలుస్తోంది.

క్లీటస్


పెకన్ బెండ్
1962 మే 17

నా బంగారు తమ్ముడికి,

నీ మీద కోపం లేదు. ఉండేది, నీ ఉత్తరం మూడో పేజీలో పోయింది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది చెప్తున్నాను. మధ్యలో ఆపి తిట్టుకోకుండా ఆఖరిదాకా చదువు.

1931లో పత్తికి ధర లేదు. ఫర్నిచర్ కొట్టువాడు అమ్మ పాట విని, రైలు టిక్కెట్టు కొనిచ్చి ఉత్తరాదికి పంపాడు. వారానికి తిరిగొచ్చింది. గోడలకి దుప్పట్లు వేలాడదీసిన గదిలో పాడిందట. పాడుతుండగా కాలితో తాళం వేస్తే చప్పుడవుతుందని కాలి కింద తలగడ పెట్టారట. రెండు నెలలకి కొట్టుకి రికార్డు వచ్చింది. మనింట్లో గ్రామఫోను లేదు. కొట్టువాడు వాకిట్లో మిషను పెట్టి మాకోసం ఒక్కసారి వేశాడు. నేనున్నాను అక్కడ. అమ్మ చేత్తో నోరు మూసుకుని "అయ్యో, నేనింత ముక్కుతో పాడతానా!" అని పగలబడి నవ్వింది. వాడు ఆ ఒక్కటీ మనకిచ్చాడు. మళ్ళీ దాన్ని వినే యోగం మనకి పట్టలేదు, అమ్మ మంచం పక్కన పెట్టుకుని చూసుకునేది.

ముప్పై మూడు ఫిబ్రవరిలో జ్వరంతో పోయింది. అమ్మమ్మ, మిగతా ఆడవాళ్ళు కప్పూ, సీసా, చేతి అద్దం పగలగొట్టి, అమ్మ మొహం కడుక్కున్న రేకు పళ్ళేన్ని సొట్టకొట్టి, అన్నీ సమాధి మీద పెట్టారు. రికార్డు నేను పరుపు కింద దాచాను. ఇవ్వబుద్ధి కాలేదు. అందులో అమ్మ ఇంకా పాడుతోంది కదా, మళ్ళీ ఎప్పుడైనా వినొచ్చు అనుకున్నాను. పన్నెండేళ్ళు నాకు.

పది రోజులకి నీ చిన్నక్క రూబీ పోయింది. ఏడేళ్ళు. ఇంకో వారానికి నీ అన్న జూనియర్. నాలుగేళ్ళు. నీకు ఈ పేర్లు తెలుసు, ఎలా పోయారో చెప్పలేదు. ఆ తర్వాత నీకు ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. పాలు పడితే కక్కేశావు. కళ్ళు పైకి తేలేశావు. అమ్మమ్మ నా జుట్టు పట్టుకుని, "ఏం దాచావే? మీ అమ్మదేదో ఈ ఇంట్లో ఉంది. అది దానికోసమే వస్తోంది, వచ్చినప్పుడల్లా ఒకళ్ళని ఎత్తుకుపోతోంది. ఇప్పుడు ఈ చంటాడు" అంది. నేను ఏమీ దాచలేదన్నాను. ఆ అబద్ధం ఆడి నీ మొహం చూశాను, నీ పెదాలు నల్లబడుతున్నాయి.

రికార్డు తీసుకుని పరుగెత్తాను. సమాధి దగ్గర మోకాలి మీద పెట్టి విరిచాను. ఎంత తేలిగ్గా విరిగిందో! నాలుగు ముక్కలయింది. ఎండకీ వానకీ పాడవకుండా పళ్ళెం బోర్లించి దాని కింద పెట్టాను. "అమ్మా, నీది నీకిచ్చేశాను, తమ్ముణ్ణి వదిలెయ్" అని అరిచాను. ఆ అరుపు ఎవరో విన్నట్టున్నారు, కీటింగ్‌తో ముసలివాళ్ళు అన్నది అదే. ఇంటికొచ్చేసరికి నీ జ్వరం దిగింది. గుక్కపట్టి పాలు తాగావు.

నా పెట్టెలో నువ్వు చూసింది ఖాళీ కవరు. అది కూడా ఇచ్చేయాల్సింది, చేతులు రాలేదు. నువ్వు దాన్ని ముట్టుకున్నావని ఆ రోజు భయంతో కొట్టాను. మర్నాడే పొయ్యిలో పెట్టాను.

ఆ పాట నేను పాడి వినిపించొచ్చు కదా అంటావేమో. రెండు వరుసలే గుర్తున్నాయి. పాడినా నా గొంతు వస్తుంది, అమ్మది రాదు. నీకు అమ్మ గొంతు లేకుండా చేసింది నేనే తమ్ముడూ. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ విరుస్తాను.

అర్జెల్లా


షికాగో
1962 మే 23

అక్కా,

బెర్నీస్ నీ ఉత్తరం నా కుడి చెవి దగ్గర చదివింది. మధ్యలో తనవల్ల కాక నా చేతిలో పెట్టేసింది.

నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను. నాలుగు ముక్కలన్నావు. పళ్ళెం కింద ఉన్నాయన్నావు. ఆ మాట చదివాక నాకు ఇంకే మాటా కనపడలేదు. పో ముసలాయన దగ్గరికి పరుగెత్తాను. "ముక్కలు పెద్దవైతే, అంచులు చెడకపోతే అతుకుతాను. సూది అతుకు మీద టక్కున కొడుతుంది, ఒక్కోచోట గెంతుతుంది. కానీ మనిషి గొంతు మనిషి గొంతే, వస్తుంది" అన్నాడు. ఇంతకుముందు అతికినవి నాకు వేసి చూపించాడు. వచ్చింది అక్కా.

వెళ్ళి తీసుకురా. నీకు దణ్ణం పెడతాను. జ్వరం దానంతటది దిగింది, రికార్డు విరిచినందుకు కాదు. రూబీ, జూనియర్ పోయింది బావి నీళ్ళ వల్ల అయ్యుంటుంది. నువ్వు పన్నెండేళ్ళ పిల్లవి, అమ్మమ్మ నిన్ను బెదరగొట్టింది. దానికోసం మనం అమ్మని పళ్ళెం కింద మూసేసి ఉంచుదామా?

వంతెన మీద రైలు ఇప్పుడు అసలు వినపడటంలేదు. పాప నన్ను పిలుస్తుందట. బెర్నీస్ చెప్తే తెలిసింది. అది పిలిచి పిలిచి ఇప్పుడు నా ప్యాంటు పట్టుకుని లాగడం నేర్చుకుంది. డాక్టరు చలికాలం అన్నాడు, నాకు ఈ వేసవి దాటేట్టు లేదు. ఇక నాకు ఆశ ఉన్నది ఆ నాలుగు ముక్కల మీదే. నేనే వస్తాననుకున్నా సెలవివ్వనన్నారు, పని పోతే పాపకి పాలెక్కణ్ణించి తేను?

ఒక్కసారి వింటాను. తర్వాత మళ్ళీ పళ్ళెం కింద పెట్టేద్దాం.

నీ క్లీటస్


పెకన్ బెండ్
1962 జూన్ 19

క్లీటస్ తమ్ముడికి,

ఈ రాత నాది కాదని చూడగానే తెలిసే ఉంటుంది. లూడీ గారు మంచం పక్కన కూచుని రాస్తున్నారు. నేను చెప్తున్నాను. నాకు వారం నుంచి కాస్త ఒంట్లో బాగాలేదు, అంతే.

నువ్వు అమ్మమ్మ బెదరగొట్టిందన్నావు. రెండు వారాలు ఆ మాట నెత్తిమీద పెట్టుకుని తిరిగాను. అదే నిజమైతే నేను అమ్మని ఉత్తినే విరిచేశాను. అబద్ధమైతే నువ్వడిగింది తెచ్చి ఇవ్వడమంటే నిన్ను చంపుకోవడం. రెండూ నావల్ల కాలేదు. పాప నీ ప్యాంటు లాగుతోందన్నావు చూడు, అక్కడ ఓడిపోయాను.

పదకొండో తారీకు సోమవారం పొద్దున్నే వెళ్ళాను. మన శ్మశానంలో ఇంతవరకూ ఎవరూ సమాధి మీద చెయ్యి పెట్టి ఒక పూస కూడా తియ్యలేదు. నేనే మొదటిదాన్ని. పళ్ళెం తుప్పుపట్టి మట్టిలో దిగిపోయింది. కొడవలితో చుట్టూ తవ్వి ఎత్తాను. మూడు ముక్కలు బాగున్నాయి, నాలుగోది చెయ్యి వెయ్యగానే పొడి అయిపోయింది. లేబుల్ మీద వై అన్న అక్షరం ఇంకా కనబడుతోంది.

ఊరికే తీసుకుని వచ్చేస్తే ఆవిడ నీ వెంట పడుతుంది. అందుకని నేను రోజూ కాఫీ తాగే నీలం పువ్వుల కప్పు పట్టుకెళ్ళాను. ముక్కలు తీసిన చోట దాన్ని పగలగొట్టి పెట్టాను. "అమ్మా, లెక్క సరిపోయింది. ఎవరైనా కావాలనిపిస్తే నేనున్నాను, వాడి జోలికి పోకు" అని చెప్పాను. ఏడవలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముకున్నాను.

ముక్కలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. దూది కుక్కాను, పైన గాజు అని రాయించాను. హాయిగా విను. ఎలా పాడిందో నాకు రాయి. ముక్కుతో పాడిందని మాత్రం రాయకు, నవ్వొస్తుంది, నవ్వితే పక్కలో పోటు వస్తోంది.

నీ అక్క
అర్జెల్లా

క్లీటస్ గారూ, ఇది నేను, లూడీని, నా అంతట నేను రాస్తున్నాను. మీ అక్క బాగాలేదు. శ్మశానానికి వెళ్ళొచ్చిన మర్నాడు, మంగళవారం నుంచి జ్వరం. డాక్టరు మందిచ్చాడు, తాగదు. నీళ్ళు కూడా రెండు గుక్కలు మించి తాగదు. "నా కప్పు అక్కడ పెట్టొచ్చాను కదా, ఇంక దేంట్లో తాగను" అంటుంది. నేను నా కప్పుతో ఇస్తే మొహం తిప్పేసుకుంటుంది. భయపడటం లేదు, అదే నాకు భయంగా ఉంది. ఎవరికోసమో బట్టలు సర్దుకున్న మనిషిలా పడుకుని ఉంది. మా కేఫ్‌లో ఫోను ఉంది. నంబరు కింద రాశాను.


షికాగో, రైల్వే స్టేషను
1962 జూన్ 22, శుక్రవారం

అక్కా,

ఫోనులో మాట్లాడితే నాకు వినపడదు. అందుకని ఇది రాసి బెర్నీస్‌కి ఇస్తున్నాను. ఆమె కేఫ్‌కి ఫోను చేసి చదువుతుంది. లూడీ గారు రాసుకుని వచ్చి నీకు చదివి వినిపిస్తారు. కళ్ళు మూసుకున్నా సరే, చెవులు నా మాట మీద పెట్టు.

పెట్టె పొద్దున్న వచ్చింది. నేను నీ ఉత్తరం చదవలేదు. దూది లాగి, ముక్కలు చూసి, ఉత్తరం జేబులో కుక్కుకుని, పనికి కూడా వెళ్ళకుండా పో గారి కొట్టుకి పరుగెత్తాను. ఆయన భూతద్దం పెట్టుకుని, అంచులు బ్రష్షుతో తుడిచి, మూడు ముక్కలూ చెక్కమీద కలిపి, నాలుగోదాని చోటు మైనంతో పూడ్చాడు. గీతకి గీత సరిపోయింది. నన్ను బయట కూచోమన్నాడు. "రేపు మధ్యాహ్నానికి జిగురు ఆరుతుంది. అప్పటిదాకా ఊపిరి కూడా దాని మీద వదలకు" అన్నాడు. సరే, ఈలోపు ఏం చెయ్యాలని జేబులోంచి నీ ఉత్తరం తీశాను.

చదివి లోపలికెళ్ళి "విడదియ్యండి" అన్నాను.

"ఏంటి?"

"ముక్కలు విడదియ్యండి. నేను రైలెక్కాలి."

"నీకేమైనా మతిపోయిందా? ఒక్క రోజు ఆగవయ్యా! ముప్పై ఏళ్ళు ఆగావు కదా!" అని అరిచాడు. అరిచాడని ఆయన మొహం చూసి తెలిసింది. నాకు సగమే వినపడింది. ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ఆయనదీ మిసిసిపీనే. లూడీ గారు రాసిన చివరి నాలుగు వరుసల దగ్గర ఆగి, కళ్ళజోడు తీసేసి, పదునైన చాకు తెచ్చి అతుకులు విప్పాడు. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక అంచు కాస్త పెచ్చు ఊడింది. ఇక దాన్ని అతికినా మోగదన్నాడు. సరే అన్నాను.

ఇప్పుడవి నా ఒళ్ళో ఉన్నాయి. వస్తున్నాను. పళ్ళెం నేనే ఎత్తుతాను, ఎక్కడివి అక్కడ పెడతాను. అమ్మతో నేను మాట్లాడుకుంటాను. నీ కప్పు ముక్కలన్నీ ఏరి బయటపడేస్తాను, ఒక్క పెంకు కూడా అక్కడ ఉండనివ్వను. లెక్క సరిపోయిందని ఎవరు చెప్పారు నీకు? నన్నడిగావా?

నీకు కొత్త కప్పు తెస్తున్నాను. స్టేషన్ ఎదురుగా కొట్లో కొన్నాను. పువ్వుల్లేవు, ఆకుపచ్చది, పిడి కాస్త వంకర. నేను వచ్చేదాకా లూడీ గారి కప్పులో తాగు. నా మీద ఒట్టు.

అవన్నీ మూఢనమ్మకాలని రాశాను కదా. ఇప్పుడు నమ్ముతున్నానో లేదో నాకే తెలీదు. నువ్వు నమ్ముతున్నావు, అదే నాకు వణుకు. నేను అమ్మ గొంతు వినకుండానే ముప్పై ఏళ్ళు బతికాను. నీ గొంతు వినకుండా ఒక్క ఏడాది కూడా ఎలా ఉంటుందో నాకు తెలీదు. చెవులు మూసుకుపోయాక నాకు లోపల ఒక్క గొంతే మిగులుతుందంటే, అది నువ్వు నన్ను తిట్టేది అయ్యుండాలి. ఈ మాట నేను నీకు మార్చిలోనే రాయాల్సింది.

రేపు మధ్యాహ్నం దిగుతాను. గుమ్మంలో అడుగుపెట్టగానే తిట్టడం మొదలుపెట్టు. పని మానేసి వచ్చినందుకు తిట్టు, పావలా అన్నందుకు తిట్టు, ఏదో ఒకటి అను. కుడివైపు నుంచి. గట్టిగా.

నీ క్లీటస్